బుజ్జగింపు గాలి

తాను నాలుగేళ్ళు కూర్చుని రాసిన గాలిలో, తాను రాయని పంక్తులు ఉన్నాయని పెద్దకోడలు కనిపెట్టిన చోట కిందటి వారం ఆగాము. ఆ పంక్తులున్న ఫైలు పేరు 'బుజ్జగింపు'. దాన్ని రాసినది చిన్నకోడలు. ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్ళు, ఒకే సంస్థలో ఉద్యోగినులు. తెరచాపల కాలంనాటి యుద్ధనౌకల మీద ఆ సంస్థ తయారుచేస్తున్న కంప్యూటర్ ఆటకు ఇద్దరూ పనిచేస్తున్నారు. ఆ ఆటలో గాలి ఎప్పుడు ఎటు వీచాలో నిర్ణయించే ప్రోగ్రామంతా పెద్దకోడలిది. మామగారు యౌవనంలో తెరచాపల శిక్షణ ఓడ మీద పదకొండేళ్ళు గడిపిన మనిషి కనుక, సంస్థవారు ఆయనను వారానికొకసారి సలహాకు పిలిపించుకుంటారు.

ఇది ఆయన వచ్చే రోజు. ఈ సాయంత్రమే, ఐదు గంటలకు, ఆట పూర్తి ప్రతి ప్రచురణకర్తలకు వెళ్ళాలి. ఆట తెరుచుకోగానే కనిపించే మొదటి తెర మీద 'నౌకాయాన రూపకల్పన' అన్న మాట కింద ఒక్క పేరుకే చోటుంది. ఆ చోట యజమాని ఇంకా ఏ పేరూ రాయలేదు.

పెద్దకోడలు ఆ ఫైలును కాగితాల మీద అచ్చు తీసి, మూలకు పిన్ను కొట్టి, మధ్యాహ్నం రెండున్నరకు మూడో అంతస్తులోని సమావేశపు గదిలోకి వచ్చింది. బల్ల మీద కాఫీ కప్పులు వదిలిన వలయాలు ఎవరూ తుడవలేదు. కిటికీ తెర ఒకవైపు తెగి వేలాడుతోంది. బల్లకు ఆ చివర యజమాని, ఈ చివర మామగారు, మధ్యలో చిన్నకోడలు. ఆమె పక్కన, ఆటలోని తప్పులను ఏరటమే ఉద్యోగమైన ఒక నడివయసు ఉద్యోగిని. తప్పులను ఆ సంస్థలో పురుగులంటారు కనుక ఆమెను అందరూ 'పురుగులావిడ' అని పిలుస్తారు. ఆమెకు ఆ పిలుపు మీద అభ్యంతరం లేదు.

పెద్దకోడలి కన్ను మొదట పడినది వీరెవరి మీదా కాదు. చిన్నకోడలి చేతిలోని తాడు ముక్క మీద.

అది మూరెడు తాడు. తారు పట్టి నల్లబడినది. పెద్దకోడలు కాపురానికి వచ్చిన మొదటి ఏడు, భోజనాల బల్ల తుడిచిన తరువాత, మామగారు ఆ తాడుతోనే ఆమెకు ఓడ ముళ్ళు నేర్పారు. ముళ్ళు మొత్తం పదహారు. "పదహారూ వచ్చిన రోజున ఈ తాడు నీదే, అమ్మా" అన్నారు. ఆమెకు పద్నాలుగు వచ్చాయి. ఆ తరువాత ఉద్యోగం, పిల్లలు, ఇల్లు. మిగిలిన రెండు ముళ్ళూ ఎక్కడికి పోతాయిలే అనుకుంది. కిందటి నెల ఒక ఆదివారం, ఎవరూ అడగకుండానే, మామగారు ఆ తాడును చిన్నకోడలి చేతిలో పెట్టారు. చిన్నకోడలికి వచ్చిన ముళ్ళు మూడు.

అసూయ గుడ్డిదంటారు. అది సరికాదు. అసూయకు కళ్ళు ఉండవలసిన దానికన్నా ఎక్కువ ఉంటాయి. పక్కవారి పళ్ళెంలో మెతుకులు లెక్కపెట్టగలదు. తన పళ్ళెం చూసుకోవటానికి మాత్రం దానికి తీరిక దొరకదు.

"ఈ కాగితాలు ఎవరివో ఈ గదిలో అందరికీ తెలియాలి" అని పెద్దకోడలు వాటిని బల్ల మీద పరిచింది. "నా గాలిలోకి నాకు చెప్పకుండా వచ్చి చేరాయి."

"కూర్చోండి మేడమ్" అన్నాడు యజమాని.

"నిలబడే చెబుతాను. కూర్చుంటే మెత్తబడతానేమో."

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. తెరచాపల ఓడ గాలికి ఎదురుగా పోలేదు. గాలి వస్తున్న దిక్కుకే పోవాలంటే కొంత కుడికి, కొంత ఎడమకు వంకరగా నడుస్తూ, మలుపు మలుపుకూ ముక్కును గాలికి అడ్డంగా తిప్పుకోవాలి. ఆ మలుపులో వేగం చాలకపోతే ఓడ నడిమధ్య నిలిచిపోతుంది. తెరచాపలు వెనక్కి కొట్టుకుంటాయి. చుక్కాని తిప్పినా ఫలితం ఉండదు. ఆ స్థితిని సంస్థలో 'ఓడ అలిగింది' అంటారు. అలిగిన ఓడ మళ్ళీ కదలటానికి పెద్దకోడలి గాలిలో ఏడు నిమిషాలు పడుతుంది. ఆ ఏడు నిమిషాలను ఆమె పాత నౌకాయాన గ్రంథాలు చదివి, మామగారిని అడిగి, లెక్క కట్టి పెట్టింది.

చిన్నకోడలి ఫైలు చేసే పని ఒక్కటే. ఓడ అలగబోయే క్షణంలో గాలి దిక్కును పది డిగ్రీలకు మించకుండా ఆటగాడికి అనుకూలంగా జరుపుతుంది. ఓడ తిరుగుతుంది. తానే తిప్పానని ఆటగాడు మురిసిపోతాడు.

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదట" అంది పెద్దకోడలు. "గాలే మనవైపు ఉంటే ఇక ఓడ నడపటం ఎందుకు నేర్చుకోవాలి? ఇది మోసం. ఇంకో పేరు లేదు దీనికి."

"మోసం కాదక్కా" అంది చిన్నకోడలు. ఆమె గొంతు ఎప్పుడూ పెద్దది కాదు. అదీ పెద్దకోడలికి కోపమే. "మొదటి అరగంట వాళ్ళు లేచిపోకుండా కూర్చుంటే, రెండో గంటకి మీ గాలి గొప్పతనం వాళ్ళకే తెలుస్తుంది. ముందే లేచిపోతే మీ గాలి ఎవరి కోసం వీస్తుంది చెప్పండి?"

"లేచిపోయేవాళ్ళు పోనీ. ఓడ నడపటం అందరి వల్లా అయ్యే పనైతే ఇంత ఆట ఎందుకు?"

"బయటివాళ్ళు ఇరవైమంది ఆడి చూశారు మేడమ్, ఇది లేకుండా" అని పురుగులావిడ కల్పించుకుంది. "పదిహేడుమంది అలక దగ్గరే లేచారు. ఒకాయన మాత్రం కష్టజీవి, ఆట ఆపలేదు. ఇంటికెళ్ళి చొక్కా ఇస్త్రీ చేసుకొచ్చాడు. వచ్చేసరికి ఓడ ఇంకా అక్కడే ఉంది."

యజమాని నవ్వు ఆపుకోవటానికి కప్పు ఎత్తాడు. కప్పులో ఏమీ లేదు.

"ఆడలేక మద్దెల ఓడని వాళ్ళంటే, మీరు వెళ్ళి మద్దెల మార్చారన్నమాట" అని పెద్దకోడలు మామగారి వైపు తిరిగింది. "మావయ్యగారూ, మీరు చెప్పండి. నిజం సముద్రంలో గాలి ఎవరినైనా బుజ్జగిస్తుందా?"

మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నిజం సంగతి అడిగితే నిజమే చెప్పాలిగా అమ్మా. పదకొండేళ్ళలో సగం రోజులు నేను అడుగు అంతస్తులో కూర్చుని ఉల్లిపాయలు ఒలిచాను. అదీ పెడతావా ఆటలో?"

ఈసారి యజమాని నవ్వు ఆగలేదు. చిన్నకోడలు కూడా తల వంచుకుని నవ్వింది. మామగారి మాటకు చిన్నకోడలు నవ్వటం, ఆ నవ్వు చూసి మామగారు ఇంకొంచెం నవ్వటం, పెద్దకోడలు చూసింది. పుండు మీద కారం చల్లటానికి పిడికెడు అక్కర్లేదు, చిటికెడు చాలు.

"సరే" అంది ఆమె. "ఈ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో నల్లరాళ్ళ కొనను ఎదురుగాలిలో చుట్టి వచ్చింది ఎవరు? ఆటంతటిలో అంతకన్నా కష్టమైన చోటు లేదు. అక్కడ పైకి తేలిన రాళ్ళు పదకొండు, నీళ్ళలో దాగినవి ఆరు. మూడు నెలల్లో నలభై ఒక్కసారి చుట్టాను. ఎవరి దయా లేకుండా, నిజమైన గాలిలో. నేర్చుకుంటే వస్తుందనటానికి నేనే సాక్ష్యం."

పురుగులావిడ చేయి ఆమె కంప్యూటరు వైపు కదిలింది. చిన్నకోడలు ఆ చేతి మీద తన చేయి వేసింది.

"వద్దు" అంది, పెదవి కదిలీ కదలకుండా.

"ఏమిటి వద్దు?" అంది పెద్దకోడలు.

"ఏం లేదక్కా."

"ఏం లేకపోతే చేయి తియ్యి. నా ఎదుట నా గురించి సైగలు చేసుకోవటం నాకు నచ్చదు."

చిన్నకోడలు చేయి తీసింది. గోడ మీద బొమ్మ వేసే ప్రొజెక్టరుకు ఆ గదిలో ఉన్నది ఒక్కటే తీగ. పురుగులావిడ దాన్ని యజమాని కంప్యూటరు నుంచి లాగి తన దానికి తగిలించింది. గోడ మీద ఒక పట్టిక వచ్చింది. బుజ్జగింపు ఎవరి కంప్యూటరులో ఎన్నిసార్లు పనిచేసిందో దానంతట అది రాసుకున్న లాగ్ అది.

పట్టికకు పైన ఫైలు ఆటలో చేరిన తేదీ ఉంది. మూడు నెలల కిందటిది.

ప్రతి పంక్తినీ పరీక్షించి, ప్రతి కామానూ నిలదీసే పెద్దకోడలు, నిన్న తనకు కనిపించింది కనుక ఆ ఫైలు నిన్ననే పుట్టిందనుకుంది. తేదీ చూడలేదు. కోపం వచ్చినవారు సాక్ష్యం చూస్తారు గాని తేదీ చూడరు.

పట్టికలో మామగారి పేరుకెదురుగా పన్నెండు. పురుగులావిడకు తొమ్మిది. యజమానికి ముప్పై. చిన్నకోడలికి అరవై నాలుగు. అన్నిటికన్నా కింద, పెద్దకోడలికి రెండువందల ఎనభై ఆరు.

ఆమె ఆ అంకెను రెండుసార్లు చదివింది. "ఇది తప్పు" అంది. తరువాత, "ఇది పురుగు" అంది.

"కాదు మేడమ్" అంది పురుగులావిడ నెమ్మదిగా. "నేను మూడుసార్లు ఏరి చూశాను."

"అక్కా, మీకు నడపటం రాకపోవటం వల్ల కాదు ఇది" అంది చిన్నకోడలు. "మేమంతా గాలికి ఎడంగా, ఎక్కడ పోతే భయం లేదో అక్కడ పోతాం. మీరు పుస్తకంలో చెప్పిన చివరి గీత మీద నడుపుతారు. గాలికి వెంట్రుకవాసి దగ్గరగా. ఓడ అలిగేది అక్కడే. అలగబోతే బుజ్జగించమని రాశాను కాబట్టి అది మిమ్మల్నే ఎక్కువగా..."

"నలభై ఒక్కసారీనా?"

"ముప్పై తొమ్మిది. రెండుసార్లు గాలి కదల్లేదు. ఆ రెండూ అచ్చంగా మీవే."

ఆ రెండూ విడదీసి చెప్పటంలో చిన్నకోడలు న్యాయమే చేసింది. కాని న్యాయం పొందినవారికి కొన్నిసార్లు అన్యాయం కన్నా ఎక్కువ నొప్పి కలుగుతుంది.

"నీకెప్పటినుంచి తెలుసు?"

"మొదటి వారం నుంచి."

"మూడు నెలలు! మూడు నెలలు నేను ఈ అంతస్తంతా తిరిగి నల్లరాళ్ళు, నల్లరాళ్ళు అని చెప్పుకుంటుంటే, మీరిద్దరూ చూస్తూ ఊరుకున్నారు. ఎందుకు చెప్పలేదు?"

చిన్నకోడలు తాడును వేలికి చుట్టి విప్పింది. "మొదటిసారి కొన దాటిన రోజు ఇంటికెళ్తూ బస్సులో మీరు పాట పాడారక్కా. కిటికీ వైపు తిరిగి, చిన్నగా. నేను మన ఇంటికొచ్చి ఆరేళ్ళు. మీరు పాడటం అదే మొదటిసారి వినడం. ఎలా చెప్పమంటారు?"

ఈ మాట ప్రేమతో అన్నదే. పెద్దకోడలికి అది చెంపదెబ్బలా తగిలింది. తన కష్టాన్ని గేలి చేసి ఉంటే ఓర్చుకునేది; ఎదురు తిరిగి గెలిచేది. తాను ఎవరిని చూసి మూడేళ్ళుగా లోలోపల మండిపోతోందో, ఆ మనిషే తన సంతోషాన్ని మూడు నెలలు దాచిపెట్టి కాపలా కాసిందంటే, ఆ సంతోషాన్ని ఇక ఎక్కడ పెట్టుకోవాలి?

ఆమె మామగారి వైపు చూడకుండానే అడిగింది: "ఆ తాడు దానికి ఎందుకిచ్చారు మావయ్యగారూ? దానికి మూడే ముళ్ళు వచ్చు."

మామగారు ఈ ప్రశ్నకు ఎదురుచూస్తున్నట్టే ఉన్నారు. "నువ్వు ముడి వేస్తుంటే నేను తప్పు వెతికేవాణ్ణమ్మా. నువ్వూ అదే కోరేదానివి. అది తప్పుగా వేసి, అదేదో జంతువులా ఉందని నాకు చూపించి నవ్వేది. నాకూ నవ్వొచ్చేది. ముసలివాణ్ణి. నవ్వొచ్చిన చేతికి ఇచ్చేశాను. పదహారు ముళ్ళని నీతో అన్నమాట అప్పుడు గుర్తు రాలేదు. రావలసింది."

గోడ గడియారం మూడుంబావు చూపించింది.

"బుజ్జగింపు ఆపండి" అంది పెద్దకోడలు. "ఇప్పుడే. అందరి ఎదుటా నల్లరాళ్ళు చుడతాను. చుట్టగలిగితే ఆ ఫైలు పోవాలి, దాంతోపాటు మొదటి తెర మీద ఈ అమ్మాయి పేరు మాటే ఉండకూడదు. చుట్టలేకపోతే నా పేరు వద్దు. నా గాలి కూడా మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండి."

"మేడమ్, ఇంత దూరం ఎందుకు? గాలికి పోయే కంపను..." అని యజమాని మొదలుపెట్టాడు.

"ఒంటికి తగిలించుకుంటానో, కాలికి గుచ్చుకుంటానో నా ఇష్టం. ఒప్పుకుంటావా అమ్మాయ్?"

చిన్నకోడలు చాలాసేపు ఆమె ముఖం చూసింది. "సరే అక్కా" అంది.

పెద్దకోడలు తన కంప్యూటరు తెచ్చుకుని కూర్చుంది. తీగ మళ్ళీ చేయి మారింది. పెద్దకోడలి ఓడ గోడ మీదికి వచ్చింది. లాగ్ పురుగులావిడ కంప్యూటరులోనే ఉండిపోయింది. దాని తెర మూత వేసి, ఆమె కాగితం, పెన్ను దగ్గరకు జరుపుకుంది. అందరి ఆటల్లోనూ బుజ్జగింపును ఆపి, వేసే మీట చిన్నకోడలి కంప్యూటరులో ఉంది. ఆమె దాన్ని నొక్కి, "ఆపేశాను" అంది. తాడును మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

ఓడ బయలుదేరింది. పడమటి గాలి. ఆ కొన దగ్గర మధ్యాహ్నపు గాలి అరగంటకొకసారి మాత్రమే దిక్కు మారుతుంది. పాత నావికుల దినచర్యలు చదివి పెద్దకోడలే అలా రాసింది. ఆమె చివరి గీత మీదనే నడిపింది. అలవాటును దాచుకోలేదు. రాళ్ళ మీద నురుగు దగ్గరయ్యే కొద్దీ మామగారు కుర్చీ అంచుకు జరిగారు.

"ఇప్పుడు తిప్పు" అన్నారు, ఎవరితోనో కాక తనతో తాను అన్నట్టు.

ఆమె తిప్పింది. ముక్కు గాలిలోకి వచ్చింది. తెరచాపలు వణికాయి. మూలనున్న వేగం అంకె నాలుగు, మూడు, రెండు అని పడిపోయింది. ఒకటిన్నర. ఓడ నిలిచింది. ముందు తెరచాప వెనక్కి ఒకసారి కొట్టుకుంది. అలక మొదలైంది. నురుగు ఓడ పక్కనే తెల్లగా లేచింది. పెద్దకోడలి వేళ్ళు మీటల మీద బిగుసుకున్నాయి. చేయగలిగింది ఏమీ లేదని ఆ వేళ్ళకు తెలుసు.

అప్పుడు స్తంభం కొన మీద ఎర్ర జెండా వేలెడు పక్కకు జరిగింది.

వేలెడే. ముందు తెరచాప అవతలి వైపు నుంచి నిండింది. ముక్కు మెల్లగా, బరువుగా, దాటింది. రాళ్ళు వెనక్కి వెళ్ళిపోయాయి.

యజమాని చప్పట్లు కొట్టాడు. పురుగులావిడ "అమ్మయ్య!" అంది. మామగారు లేచి నిలబడ్డారు. ఆ ముఖంలో అంత వెలుగు పద్నాలుగో ముడి వచ్చిన రాత్రి తరువాత పెద్దకోడలు మళ్ళీ చూడలేదు.

ఆమె మాత్రం గోడ వైపే చూస్తోంది. అరగంట కాలేదు. ఎనిమిది నిమిషాలే అయింది. తన గాలి ఎనిమిది నిమిషాలకు తిరగదు. ఆ గాలిని రాసింది తానే. మూడు నెలలుగా ఓడ తిరిగిన ప్రతిసారీ అది తన నేర్పు అనుకుంది. ఈ రోజు మాత్రం, మొదటిసారి, జెండానే చూసింది.

తల తిప్పింది. తాడు బల్ల మీద ఉంది. తాడు పట్టుకున్న చేయి మీట మీద ఉంది.

చిన్నకోడలు ఆ చేతిని నిదానంగా ఒడిలోకి తీసుకుంది. కళ్ళు మాత్రం దించలేదు. తన పేరును తానే తుడిచివేసుకున్న ఆ కళ్ళలో ఉన్నది దయో, మూడేళ్ళ సూటిపోటి మాటలకు దాచుకున్న జవాబో, పెద్దకోడలికి అర్థం కాలేదు. గదిలో మరెవరూ చూడలేదు.

"మరి మాటంటే మాటే" అన్నాడు యజమాని, కొంచెం ఇబ్బందిగా. "ఒక్క పేరే రాస్తాను."

మామగారు బల్ల చుట్టూ నడిచి వచ్చి, ఆ నల్ల తాడును తీసి, పెద్దకోడలి అరచేతిలో పెట్టారు. "మిగిలిన రెండు ముళ్ళ సంగతి వదిలెయ్యి, అమ్మా. ఈ ఒక్క మలుపు చాలు. దానికి వేరే తాడు ఇస్తాను."

ఆ తాడు ఆమె అనుకున్నదానికన్నా తేలికగా ఉంది.

పురుగులావిడ కాగితం మీద పెన్ను ఆనించి తల ఎత్తింది. "మేడమ్, పద్ధతి ప్రకారం నేను లాగ్ తెరిచి చూసి, బుజ్జగింపు పనిచేయలేదని రాయాలి. కాని ఇంతసేపు మీ మాటని మేమే కాదనేశాం, బాగోలేదు. మీరు సరేనంటే చూడకుండానే రాసేస్తాను. మీ మాట చాలు."

నాలుగేళ్ళలో ఆ గదిలో 'మీ మాట చాలు' అని ఆమెతో అన్నవారు లేరు. పెద్దకోడలు పిడికిలి మూసింది. తాడు లోపల గరుకుగా ఒత్తుకుంది. నలుగురూ ఆమె ముఖమే చూస్తున్నారు.

"లాగ్..." అని ఆమె నోరు తెరిచింది.

(సశేషం)